పున్నమి దాకా సరిపోయే తలుపు

శ్రావణ శుద్ధ విదియ, మంగళవారం

నీరదా, మొన్న నువ్వు ఫోనులో అన్నది తప్పు. నేను కునుకు తీసి కారుని తాటిమొద్దుకి గుద్దలేదు. కారు నీటిబాట మీద బుద్ధిగా తన దారిన తాను పోతోంది. తాటిమొద్దే పోటు మీద తేలుతూ వచ్చి ఎడమ తలుపుని గుద్దింది. మొదటిదైతే ముసలితనం, రెండోదైతే సముద్రం. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఏది దేనికి కారణమో మనవరాలి దగ్గర నేర్చుకోవలసిన రోజు నాకింకా రాలేదు.

"జరిగింది జరిగినట్టు రాసిపెట్టు అమ్మమ్మా, బీమా కంపెనీతో పేచీ వస్తే పనికొస్తుంది" అన్నావు. ఆ మాట మాత్రం ఒప్పే. అందుకే రాస్తున్నాను. క్లెయిము తేలాక అంతా ఒకేసారి పంపుతాను. రోజుకో ముక్క పంపితే నువ్వు రోజుకో సలహా పంపుతావు.

ఈ పూట పనులు: గుమ్మానికీ కిటికీ చువ్వలకీ పేరుకున్న ఉప్పు కడిగాను. కుళాయి నీళ్ళు నాలిక మీద వేసుకుని చూశాను, ఇంకా చప్పగానే ఉన్నాయి. కారు అడుగున పట్టిన గుల్లలు గీకాను. సముద్రాన్ని ఆపే గోడ దగ్గర, ఊరిన నీళ్ళు తోడే పంపులు ఆడుతూనే ఉన్నాయి. ఈ తొమ్మిదో గట్టులో పుట్టినవాళ్ళకి పంపుల చప్పుడు వినబడదు. అది ఆగితేనే వినబడుతుంది.

మధ్యాహ్నం కంపెనీ కన్ను వచ్చింది. కొబ్బరికాయంత ఉండి గాల్లో తేలుతుందే, అదే. తలుపు చుట్టూ ప్రదక్షిణం చేసి, సొట్టలోకి తొంగి చూసి, నా ముఖంలోకి కూడా ఓసారి చూసి వెళ్ళిపోయింది. నేను కాఫీ కలుపుకునేలోగా అంచనా వచ్చేసింది. నీళ్ళు దూరకుండా తలుపు అంచుకి కొత్త బీడింగు, అడుక్కి కొత్త రేకు మంజూరు. చేతికి డబ్బివ్వడం వాళ్ళు ఏనాడో మానేశారుగా, ఇచ్చేది వస్తువే. గోదాములో తొట్టెల నిండా జిగురు పోసి పెంచుతారు. దానికి ఎంత ఆయుష్షు పొయ్యాలో అంతే పోసి, పైన ఒక చార గీసి పంపుతారు. నీలం చారంటే పదేళ్ళు. ఆకుపచ్చంటే రెండు మూడేళ్ళు. బూడిద రంగంటే కొద్ది నెలలు.

నేను నీలం అడిగాను. వచ్చింది బూడిద. పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో "కార్తీక పున్నమి వరకు" అని ఉంది.

నువ్వు పురిటికి రావలసింది మార్గశిరంలో. మీరుండే మెరక మీదినుంచి ఈ గట్టుకి నీటిబాట తప్ప వేరే దారి లేదు. ఆటు సమయంలో కూడా నీటిబాట మీద కారు అద్దాల దాకా నీళ్ళుంటాయి. కార్తీక పున్నమి దాటితే ఆ తలుపు నీళ్ళు తగిలిన అప్పడంలా మెత్తబడుతుంది. నిండు గర్భిణిని అందులో ఎక్కించి సముద్రం మధ్యలోంచి తీసుకురావాలన్నమాట.

కంపెనీ పిసినారిదని నువ్వంటావు. అంతే అయితే ఎంత బాగుండును. పిసినారితో దెబ్బలాడొచ్చు. ఈ కంపెనీ లెక్క తప్పదు, అదే నా భయం.


శ్రావణ శుద్ధ చవితి, గురువారం

కారుని కొండబాబు షెడ్డుకి తోలుకెళ్ళాను. చిన్నప్పుడు నీ సైకిలు బాగుచేస్తానని తీసుకుని గంట ఊడదీసుకున్నాడే, వాడే. ఇప్పుడు గట్టు మొత్తానికి వాడొక్కడే మెకానిక్కు. కంపెనీ పొట్లం అప్పటికే వాడి షెడ్డుకి చేరింది. విప్పి చూశాడు. చూసిన చేతులతోనే బీడింగు చుట్టని గోడవైపు తిప్పి పెట్టి, దానిమీద ఒక గోనెపట్టా కప్పాడు.

"మామ్మగారూ, ఈ మాట ఎవరితోటీ అనకండి."

"ఏ మాట?"

"ఆ చార మాటండి. నేను ఎక్కించేటప్పుడు నల్లరంగు కొట్టేత్తాను. ఎవడికీ కనపడదండి. టింకరింగుకి కూడా ఏం ఇవ్వక్కర్లేదండి."

"నువ్వు ఊరికే చేస్తానన్నావంటే నేను పోయినట్టే లెక్క."

"అయ్యబాబోయ్, ఆ మాటనకండి!" అని రెండు చెవులూ మూసుకున్నాడు.

వాడి తప్పు లేదు. నువ్వు మెరకకి వెళ్ళిపోయాక ఇక్కడ జరిగింది నీకు తెలియదు. సూరన్న తన చక్రాల కుర్చీకి కొత్త చక్రం అడిగితే కంపెనీ బూడిద చార ఇచ్చింది. చక్రం అరగలేదు, సూరన్న పోయాడు. ఆ తర్వాత మంగతాయారు కుట్టుమిషనుకి అలాంటిదే వచ్చింది. మిషను ఇప్పటికీ ఆడుతోంది, తొక్కడానికి మంగతాయారు లేదు. కంపెనీ లెక్క వస్తువుని చూసి వేసేది కాదనీ, వాడే మనిషిని చూసి వేసేదనీ ఊరికి అప్పుడు అర్థమైంది. దాంతో బూడిద చార పడ్డ ఇల్లంటే మైల పడ్డ ఇల్లయి కూర్చుంది. ఆ ఇంటి పిల్లని చేసుకోరు. ఆ ఇంట్లో పేరంటానికి వెళ్ళరు. అందుకని చార వచ్చినవాళ్ళు రంగు పూస్తారు, గుడ్డ కప్పుతారు, గోడవైపు తిప్పుతారు. నోరు మాత్రం విప్పరు.

నీ అమ్మమ్మ చదువుకున్నది కాబట్టి ఇవేమీ నమ్మదు. షెడ్డునుంచి ఇంటికి వచ్చేలోపల నాడి మాత్రం తానే చూసుకుంది, అదీ దారిలో ఆగి ఆగి.

ఇంటికి రాగానే కంపెనీకి ఫోను చేశాను. ఆ తీయటి గొంతు పలికింది.

"నమస్కారం వర్ధనమ్మగారూ. మీ అసంతృప్తికి చింతిస్తున్నాం."

"చింత తర్వాత. నీలం చార అడిగితే బూడిద ఎందుకిచ్చారు?"

"వస్తువు ఉపయోగ కాలానికి సరిపడా ఆయుష్షు మంజూరైంది. అంతకు మించిన ఆయుష్షు వృథా."

"ఎవరి ఉపయోగ కాలం?"

"ఆ వివరం గోప్యం."

"అయితే సూటిగా చెప్పు. కార్తీక పున్నమి తర్వాత నేను కారెక్కనా?"

ఆ గొంతు ఆగింది. ఇన్నేళ్ళలో అది ఆగడం నేనెప్పుడూ వినలేదు. దానికి ఊపిరి పీల్చుకోవలసిన పని కూడా లేదు కదా.

"మీకు ఇంకేమైనా సహాయం కావాలా?" అంది చివరికి.

ఫోను పెట్టేశాను.


శ్రావణ శుద్ధ షష్ఠి, శనివారం

ఆసుపత్రికి వెళ్ళి పరీక్ష పెట్టెలో పడుకున్నాను. పొద్దున్నుంచీ మంచినీళ్ళయినా తాగకుండా, కాళ్ళూ చేతులూ చాపుకుని, కాటికి తీసుకెళ్ళే ముందు రిహార్సల్ లాగా. డాక్టరు కుర్రాడు కాగితం చూసి నవ్వాడు.

"మామ్మగారూ, మీ గుండె నా గుండెకన్నా గట్టిగా ఉందండి. ఇంకో పుష్కరం మమ్మల్నందర్నీ తిట్టొచ్చు."

"నిజంగానే?"

"పెట్టె అబద్ధం చెప్పదండి."

ఎంత తేలిగ్గా అనిపించిందో చెప్పలేను. ఆ తేలిక ఆసుపత్రి మెట్లు దిగేదాకానే నిలిచింది. ఆఖరి మెట్టు మీద గుర్తొచ్చింది, పాలసీలో ఉన్నవి రెండు పేర్లు. నడిపేవారు: వర్ధనమ్మ. రెండో పేరు: నీరద.

నాది కాకపోతే నీది.

మీ అమ్మ నిన్ను కని ఆ పురిటి గదిలోంచి మళ్ళీ బయటికి రాలేదు. ఆ సంగతి మనిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఈ పొద్దు ఇంటికి ఎలా నడిచొచ్చానో తెలియదు. ఆ గది తలుపే కళ్ళ ముందు ఉంది. అన్నం వండాను, తినలేదు. ఉప్పు కడగవలసిన గుమ్మాన్ని కడిగిందే కడిగాను.

సాయంత్రం నీకు ఫోను చేసి కాళ్ళు వాచాయా, తల తిరుగుతోందా అని అడిగాను. "ఏంటి అమ్మమ్మా, కొత్తగా ఇంత ప్రేమ?" అని నవ్వావు. "ప్రేమేమీ కాదు, లెక్కలకి కావాలి" అన్నాను. అది నిజమే.


శ్రావణ శుద్ధ నవమి, మంగళవారం

భయపడుతూ కూర్చుంటే భయం పెరగడం తప్ప తేలేదేమీ లేదు. తెలియనిదాన్ని పట్టుకోవాలంటే ఒక్కొక్కటే మార్చి చూడాలి. మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉంచాలి. పిల్లలకి అదే చెప్పేదాన్ని.

ముందు పాలసీలోంచి నీ పేరు తీయించాను. మళ్ళీ అంచనా వెయ్యమని అడిగాను. జవాబు వచ్చేదాకా దేవుడి గది గడప మీద కూర్చున్నాను. నన్ను అక్కడ చూస్తే దేవుడే ఆశ్చర్యపోయుంటాడు.

బూడిద. కార్తీక పున్నమి వరకు.

నువ్వు కాదు తల్లీ. నువ్వు కాదు. గడప మీదే కాసేపు ఏడ్చి, ముక్కు చీదుకుని, లేచి రెండో లెక్క మొదలుపెట్టాను. ఈసారి నా పేరు కూడా తీసేసి, నడిపేవారి పేరు దగ్గర కొండబాబుని పెట్టాను. వాడికి చెప్పలేదు. చెబితే ఒప్పుకోడు.

బూడిద. అదే పున్నమి.

అప్పుడు వెళ్ళి వాడికి చెప్పాను. స్పానరు వాడి కాలి మీదే పడింది.

"నా పేరెందుకెట్టారండీ! నాకింకా ముప్పయ్యారేళ్ళండి! పాపకి మాటలు కూడా రాలేదండి!"

"అరవకు. నువ్వు పోతావని కాదు. నేనూ కాదు, నీరదా కాదు, నువ్వూ కాదు. మనుషుల్ని మార్చినా అంచనా మారడం లేదు."

వాడు షెడ్డు మూలనున్న కంప్రెసరు వైపు చూశాడు. ఎర్రరంగు కొత్తగా నిగనిగలాడుతోంది.

"దానికీ వచ్చిందండి, కిందటి నెల. ఇంట్లో కూడా సెప్పలేదండి. నా పనే అయిపోయిందనుకుని, రోజూ షెడ్డు తియ్యగానే దానికే దణ్ణం ఎట్టుకుంటున్నానండి."

"తేదీ?"

"కార్తీక పున్నమండి."

"ఇంకెవరెవరికి వచ్చాయి?"

"అది సెప్పకూడదండి. అందరూ పిల్లల మీద ఒట్టేయించుకున్నారండి."

"అందరూ?"

వాడు నోరు మూసుకున్నాడు. మూసుకోవడం ఆలస్యమైంది.

"ఒరే, ఇంతమందికి ఒకే తేదీ ఏంటని నీకు తోచలేదా?"

"తోచిందండి. ఏదైనా జొరం వత్తాదేమో అనుకున్నానండి. ఎవరితో అంటానండి? అంటే ఆళ్ళకి వచ్చిన సంగతి బయటపడిపోద్ది. అనకపోతే నాకు నిద్దర్లేదు."

మేం మాట్లాడుతుండగానే ఒక చప్పుడు ఆగింది. ఏం ఆగిందో తెలియడానికి ఇద్దరికీ కొంచెం సేపు పట్టింది. గోడ దగ్గర మూడో పంపు. గోడా పంపులూ కూడా ఆ కంపెనీ బీమాలోవే, ఇదివరకు పంపు ఆగితే వాళ్ళ పడవ గంటలో వచ్చేది. చీకటి పడేదాకా ఎవరూ రాలేదు. మిగతా పంపులు రొప్పుతూ ఆడుతున్నాయి. ఈ ముక్క రాస్తున్నప్పుడు కూడా వింటున్నాను. ఇక వినకుండా ఉండలేను.


శ్రావణ శుద్ధ ద్వాదశి, శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం

వ్రతం పక్కింటి అచ్చియ్యమ్మ ఇంట్లో. నన్ను వదినగారూ అంటుంది, నా పెరటి కరివేపాకు మాత్రం తనదే అనుకుంటుంది. వీధిలో ఆడవాళ్ళంతా పట్టుచీరలు కట్టుకుని వచ్చారు. పాదాలకి పసుపు, చేతుల్లో శనగల వాయనాలు. కొండబాబు భార్య రత్నకుమారి చంటిపిల్లని చంకనేసుకుని వచ్చింది. గదిలో అగరుబత్తుల పొగ, నవ్వులు. ఇంతమంది ఇంత సంతోషంగా ఉన్నప్పుడు చెప్పవలసిన మాట కాదు. కానీ ఇంతమంది ఒకచోట మళ్ళీ ఎప్పుడు దొరుకుతారు?

అచ్చియ్యమ్మ నాకు బొట్టు పెట్టబోతోంది. అందరికీ వినబడేలా అన్నాను:

"అచ్చియ్యమ్మా, నా కారుకి బూడిద చార వచ్చింది."

గాజుల చప్పుడు ఆగిపోయింది. కుంకుమ పట్టుకున్న వేలు నా నుదుటికి అంగుళం దూరంలో నిలిచిపోయింది.

"శుక్రవారం పూట అవేం మాటలండీ వదినగారూ!"

"శనివారం అన్నా చార రంగు మారదు. కార్తీక పున్నమి దాకా అని రాశారు. నేను నా ఇంటి సంగతి చెప్పాను. ఇక మీరు చెప్పండి."

"మా ఇంట్లో అలాంటివేం లేవండి" అంది అచ్చియ్యమ్మ. నేనింకా ఆమెని అడగనేలేదు.

"అయితే ఆ ఫ్రిజ్జు మీది గుడ్డ తియ్యి."

"అది నరసాపురం లేసండీ! అందానికేశాను."

"అందం పైన చాలదా? అంత కిందిదాకా ఎందుకు దించావు?"

ఆమె ముఖం పిల్లల ముఖంలా ముడుచుకుపోయింది. కుంకుమ భరిణ కింద పెట్టి, వెళ్ళి ఆ లేసు గుడ్డని ఒక్క లాగు లాగింది. ఫ్రిజ్జు నడుముకి అడ్డంగా బూడిద చార.

"ఆయనకేమో అనుకున్నానండీ. ఆయనకి షుగరు కదండీ. నెల్నుంచీ రోజూ ఆయన కంచంలో నేనే ముద్దలు లెక్కెట్టుకుంటున్నానండీ" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఎవరో "మా నీళ్ళ మోటారుకండీ" అన్నారు. ఇంకెవరో "మా ముందు తలుపు గొళ్ళేనికి" అన్నారు. ఆ తర్వాత ఎవరూ వరస చూడలేదు. మిక్సీ, మంచం కోడు, మామగారి కళ్ళజోడు. ఆఖర్న రత్నకుమారి చంకలో పిల్లని ఇటునుంచి అటు మార్చుకుని చిన్నగా అంది:

"మా పాప ఉయ్యాల కొక్కేనికండి. నేను ఆయనకి కూడా సెప్పలేదండి."

అన్నిటికీ అదే పున్నమి.

నీరదా, అప్పుడు చూసింది నేను మర్చిపోలేను. ఒక్క క్షణం అందరి ముఖాలూ వెలిగాయి. చావు మా ఇంట్లో కాదన్నమాట, నా మొగుడికి కాదు, నా బిడ్డకి కాదు! రత్నకుమారి నవ్వేసింది కూడా. ఆ వెంటనే ఒక్కొక్కరే రెండో మెట్టు ఎక్కడం కనబడింది. ఒక్క ఇంటికి కాకపోతే ఎవరికి? నవ్వులు అలాగే ముఖాల మీద ఆరిపోయాయి.

"అయితే వదినగారూ, అందరం ఒకేసారి..." అని అచ్చియ్యమ్మ ఆగిపోయింది.

"మనుషుల్ని వదిలెయ్. ఇన్ని ఇళ్ళకీ ఉమ్మడిగా ఉన్నదేంటి?"

అందరి తలలూ కిటికీవైపు తిరిగాయి. కొబ్బరిచెట్ల మీంచి గోడ కనబడుతోంది.

పట్టుచీరలతోనే నడిచాం. పసుపు పాదాలకి బురద అంటుకుంటోంది. జ్యేష్ఠంలో గోడకి గండి పడితే కంపెనీ వాళ్ళు తొట్టెలో పెంచిన పెద్ద అతుకు వేసి వెళ్ళారు. దండలు వేసి, కొబ్బరికాయలు కొట్టి, వాళ్ళకి భోజనాలు కూడా పెట్టాం. దానిమీద ఇప్పుడు నాచు మందంగా పట్టి ఉంది. పోటు వేళ. అవతల సముద్రం మా తలలకన్నా ఎత్తుగా ఉంది. గోడకి చెయ్యి ఆనిస్తే అది కొట్టే ప్రతి దెబ్బా అరచేతికి తెలుస్తోంది.

అచ్చియ్యమ్మ తన పట్టుచీర కొంగుతోనే నాచు తుడవడం మొదలుపెట్టింది. నలుగురం కలిసి తుడిచాం. ముందు ఒక అంచు కనబడింది. తర్వాత నా చెయ్యంత వెడల్పున, ఆ మూల నుంచి ఈ మూల దాకా బూడిద చార.

ఎవరూ ఏడవలేదు. రత్నకుమారి మాత్రం గోడకి వీపు పెట్టి, పిల్లని ఊరివైపుకి తిప్పి పట్టుకుంది.


శ్రావణ శుద్ధ త్రయోదశి, శనివారం

పొద్దున్నే కొండబాబు వచ్చాడు. నన్ను కారు దగ్గరికి తీసుకెళ్ళి, తను ఎక్కించిన కొత్త బీడింగు మీద బొటనవేలితో నొక్కి చూపించాడు. లొట్ట పడింది, తిరిగి పైకి లేవలేదు.

"పున్నమి దాకా ఉంటాదన్నారు కదండీ. ఇదేంటండీ ఇప్పుడే?"

గోడ మీది అతుకూ ఇదే జిగురుతో పెరిగింది. ఇద్దరం గోడవైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాం. ఎల్లుండి శ్రావణ పున్నమి. పోటు పెద్దది.

కంపెనీకి ఫోను చేశాను. పాలసీలో నా పేరు, నీ పేరు మళ్ళీ పెట్టించాను. ఈసారి ఒక్కటే మార్చాను. కారు ఉండే చోటు దగ్గర తొమ్మిదో గట్టు కొట్టేసి, మెరక మీద నీ ఇంటి చిరునామా చెప్పాను.

"అంచనా సవరించబడింది. నీలం చార భాగాలు మంజూరయ్యాయి. శుభం" అంది.

పదేళ్ళు. అదే కారు, అదే సొట్ట, అదే ముసలిది.

"తొమ్మిదో గట్టులో కార్తీక పున్నమి తర్వాత ఏముంది?" అని అడిగాను.

"తొమ్మిదో గట్టుకి ఆ తేదీ తర్వాత మదింపు లేదు."

అంత మర్యాదగా ఎవరూ ఎవరికీ మరణవార్త చెప్పి ఉండరు. ఊరు ఖాళీ చెయ్యమని చెబితే వాళ్ళు ఊరందరికీ ఇళ్ళు చూపించాలి. చెప్పకపోతే ఫ్రిజ్జుకో చార, ఉయ్యాలకో చార ఇచ్చి ఊరుకోవచ్చు. మనం వాటిని ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకుంటామని కూడా వాళ్ళ లెక్కలో ఉండే ఉంటుంది.

పడవలు కంపెనీకి తప్ప ఎవరికీ లేవు. బండ్ల మీద లేచి రావడానికి అడ్డం రెండు. గట్టు మీద ఉన్న ప్రతి బండికీ ఇప్పుడు మెత్తబడే తలుపులే. వాటితో నీటిబాట దిగితే సగం దారిలోనే సముద్రం లోపలికి వస్తుంది. ఎలాగో దాటినా చిరునామా లేనివాణ్ణి మెరక గేటు దగ్గర ఆపేస్తారు. మెరక చిరునామా ఉంటే రెండూ తీరతాయి. గేటూ తెరుస్తారు, నీలం భాగాలూ ఇస్తారు.

అందుకని ఆ గొంతునే అడిగాను. "ఒక ఇంటి చిరునామాకి ఎంతమంది మారొచ్చు?"

"నివాసులు ఎంతమంది ఉంటే అంతమంది. సోమవారం ఉదయం మా కన్ను వీధిలో తిరిగి సరిచూస్తుంది."

"ఇళ్ళలోకి చూస్తుందా?"

"ఇంటి లోపలికి చూడడం చట్టవిరుద్ధం. గుమ్మం ముందున్న చెప్పుల జతలను లెక్కిస్తుంది."

"చిన్న ఇల్లయి, చెప్పులు మరీ ఎక్కువుంటే?"

"గదుల కొలతలు మా పరిధిలోకి రావు."

బతికున్నంతకాలం ఈ కంపెనీని తిట్టాను. ఆ ఒక్క వాక్యానికి మాత్రం ముద్దు పెట్టుకోవాలనిపించింది. గంటలోపల గట్టు మొత్తం నీ చిరునామాకి మారింది. అచ్చియ్యమ్మ మొగుడు తొమ్మిదో గట్టు వదలనని కాసేపు మొరాయించాడు. ఆవిడ ముద్దలు లెక్కపెట్టిన సంగతి చెప్పింది, సంతకం పెట్టేశాడు. సోమవారం కన్ను నీ గుమ్మం చూసి ఒప్పుకుంటే మర్నాటికి భాగాలు వస్తాయి. కొండబాబు పగలూ రాత్రీ బిగిస్తానన్నాడు. పోటు తగ్గే అష్టమికి బయలుదేరతాం. అప్పటిదాకా ఆ గోడ నిలబడాలి. నిలబడుతుందో లేదో నాకు తెలియదు. నీకు అబద్ధం చెప్పను.

ఇంతవరకూ రాసింది ఇప్పుడే పంపుతున్నాను. చదివి కంగారుపడుతూ కూర్చోకు, నాకు పని ఉంది, నీకూ ఉంది.

నువ్వు చూపించుకునే ఆసుపత్రి గేటు దగ్గర రోగులు వదిలేసిపోయిన చెప్పులు కుప్పగా పడి ఉంటాయి. రేపు ఆదివారం, వాచ్‌మన్ ఒక్కడే ఉంటాడు. పండో, బిస్కెట్లో పట్టుకెళ్ళి ఇచ్చి, వాటిని అడిగి తెచ్చుకో. గోనెసంచులు మీ ఆయన చేత మోయించు, నువ్వు బరువెత్తకు. కొట్లో కొత్తవి కొనకు, కొత్తవి చూస్తే గుడ్డివాడికి కూడా అనుమానం వస్తుంది. ఎన్ని జతలు కావాలో లెక్క దీంతోపాటే పంపుతున్నాను. ఎడమా కుడీ జత కలిపి పెట్టు. ఒంటి చెప్పు లెక్కలోకి రాదు. రంగు కలవకపోయినా ఫరవాలేదు, సైజు కలవాలి. గుమ్మం ముందు చాలకపోతే మెట్ల మీద, మెట్లు చాలకపోతే ప్రహరీ పొడుగునా పెట్టు. ముసలాళ్ళవి వెడల్పువి చూడు. పిల్లలవి తక్కువ దొరుకుతాయి, పిల్లల వార్డు దగ్గర విడిగా వెతుకు. కొండబాబు కూతురిది నా అరచేతిలో సగం ఉంటుంది, ఆ సైజు తప్పకుండా కావాలి. వాన వచ్చినా పైన ఏమీ కప్పకు, తడిస్తే తడవనీ.

సోమవారం తెల్లారేసరికి అన్నీ అక్కడ ఉండాలి. కన్ను మీ వీధి దాటేదాకా నువ్వు గుమ్మంలోనే కుర్చీ వేసుకుని, చేతిలో కర్ర పట్టుకుని కూర్చో. వీధికుక్కలకి చెప్పులంటే ఎంత ప్రేమో నీకు తెలుసు. ఒక్క జత ఎత్తుకుపోయినా ఇక్కడ ఒక మనిషి తగ్గుతారు. టిఫిను తర్వాత తినొచ్చు.